సూదిమొన మీద మెరుపు

ప్రొద్దుటూరులో ఏ వెల్డింగ్ షాపు ముందు నిలబడినా ప్లాస్మా కనిపిస్తుంది. రాడ్డుకూ ఇనుప రేకుకూ మధ్య కళ్లు జిగేల్‌మనిపించే ఆ మంటలో గాలి అణువులు చీలిపోయి, ఎలక్ట్రాన్లు విడివడి, గాలే కరెంటు మోసే స్థితికి వస్తుంది. దాని వేడి వేల డిగ్రీలు. ఇనుము కరగక ఏం చేస్తుంది? అదే మంటను ఇంజెక్షన్ సూది మొన మీద నిలిచేంత చిన్నదిగా చేసి, చెయ్యి కాలనంత చల్లగా ఉంచి, దానితో నానోమీటర్ల కొలతలో అర్ధవాహక (సెమీకండక్టర్) కణాలు తయారు చేయడం గత ఇరవై ఏళ్లలో ఒక శాస్త్రశాఖగానే ఎదిగింది. దీన్ని మైక్రోప్లాస్మా అంటున్నారు. అడ్డంగా కొలిస్తే మిల్లీమీటరు కూడా ఉండదు.

సెమీకండక్టర్ అనగానే మన పత్రికల్లో చిప్పుల ఫ్యాక్టరీలు, వేల కోట్లు గుర్తుకొస్తాయి. 2021 డిసెంబరులో కేంద్రం రూ.76,000 కోట్లతో ప్రకటించిన పథకం ఆ దారిది. ఇక్కడి సంగతి వేరు. పులివెందులలో 2006లో మొదలైన జేఎన్‌టీయూఏ ఇంజినీరింగ్ కాలేజీ, ప్రొద్దుటూరులో యోగి వేమన విశ్వవిద్యాలయపు ఇంజినీరింగ్ కాలేజీ, ఇడుపులపాయలో ట్రిపుల్ ఐటీ, కడపలో విశ్వవిద్యాలయపు మెటీరియల్స్ సైన్స్, నానోటెక్నాలజీ విభాగం ఉన్న జిల్లాలో చవకగా చేపట్టగల నానో విద్య ఏదైనా ఉందా అని అడిగితే, మైక్రోప్లాస్మా పేరు ముందు వరసలో చెప్పాల్సి వస్తుంది. అయితే ఏ పదార్థం చేద్దామనుకుంటామో దాన్ని బట్టి ఆ చవక నిజమో భ్రమో తేలుతుంది.

కణం చిన్నదైతే వచ్చే లాభమేమిటో ముందు చూడాలి. 3 నానోమీటర్ల సిలికాన్ కణంలో పరమాణువులు లెక్కకు 700 దాకా ఉంటాయి. 1 నానోమీటరుకు దిగితే పాతిక మాత్రమే. అంత ఇరుకులో ఎలక్ట్రాన్‌కు తిరిగే చోటు తగ్గి, దాని శక్తి మెట్లు దూరం జరుగుతాయి. పదార్థం మారకుండానే రంగు మారుతుంది. ఈ క్వాంటం చుక్కలను కనిపెట్టి, నాణ్యంగా చేయడం నేర్పినందుకే బావెండి, బ్రూస్, ఎకిమోవ్‌లకు 2023లో రసాయనశాస్త్ర నోబెల్ దక్కింది. సిలికాన్ విషయంలో వింత ఇంకాస్త ఎక్కువ. సోలార్ పలకలో ఉండే సిలికాన్ వెలుగును మింగుతుందే గాని ఇవ్వడం దానికి చేతకాదు. 1990లో బ్రిటన్ శాస్త్రవేత్త లీ కాన్హమ్ దాన్ని ఆమ్లంలో సన్నగా తొలిచి చూస్తే ఎర్రగా వెలిగింది. అప్పటి నుంచీ సిలికాన్‌తో వెలిగే కణాలు చేయాలన్న తపన శాస్త్రవేత్తలను వదల్లేదు.

ద్రావణంలో వేడిచేసి కాడ్మియం సెలినైడ్ వంటివి చేయడం రసాయనవేత్తలకు చేతనైన పనే. సిలికాన్ అలా లొంగదు. దాని బంధాలు గట్టివి. స్ఫటికం కుదురుకోవాలంటే బోలెడు వేడి కావాలి, ఆ వేడికి ద్రావకం మిగలదు. ఆ కొరతను తీర్చింది ప్లాస్మానే.

తమాషా ఏమిటంటే, మొదట్లో ప్లాస్మాలో పుట్టే పొడిని అందరూ శత్రువుగానే చూశారు. 1980ల చివర్లో ఐబీఎంలో గ్యారీ సెల్విన్ చిప్పులు చెక్కే ప్లాస్మా గదిలోకి లేజర్ కాంతి వేసి చూస్తే, సిలికాన్ పలక మీద గాలిలో తేలుతున్న ధూళి మబ్బులు కనిపించాయి. బయటి నుంచి వచ్చిన దుమ్ము కాదది, ప్లాస్మా తనంతట తాను పుట్టించిన కణాలు. చిప్పుల వాళ్లు వాటిని ఎలా వదిలించుకోవాలా అని తలలు పట్టుకుంటే, మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఉవే కోర్ట్స్‌హాగెన్ బృందం వాటినే పంటగా కోయడం మొదలుపెట్టింది. 2005లో మాంగొలీని, థిమ్సెన్, కోర్ట్స్‌హాగెన్ తక్కువ పీడనంలో, సిలికాన్ ఉన్న సైలేన్ వాయువును ప్లాస్మా గుండా పంపి, వెలిగే సిలికాన్ స్ఫటికాలను గంటకు 14 నుంచి 52 మిల్లీగ్రాముల దాకా తీశారు. మరుసటి ఏడాదికే మింగిన కాంతిలో అరవై శాతానికి పైగా తిరిగి వెదజల్లే కణాలు వాళ్ల చేతికొచ్చాయి.

ఇందులో ప్లాస్మా చేసే మేళ్లు రెండు. ఎలక్ట్రాన్లు తేలికైనవి, వడిగా తిరుగుతాయి కాబట్టి కణం మీద ముందు అవే వాలతాయి; ప్రతి కణానికీ ఋణావేశం అంటుకుంటుంది. అన్నీ ఒకే ఆవేశంతో ఉండటం వల్ల ఒకదాన్నొకటి నెట్టుకుంటూ ముద్ద కట్టకుండా ఉంటాయి. రెండోది, ఎలక్ట్రాన్లూ అయాన్లూ వచ్చి కణం ఒంటి మీదే కలిసిపోతుంటే వెలువడే శక్తి అక్కడే దిగుతుంది. దాంతో చుట్టూ ఉన్న వాయువు కంటే కణం వందల డిగ్రీలు ఎక్కువ వేడెక్కుతుంది. పాత్ర చల్లగా ఉండగానే స్ఫటికం కుదురుకుంటుంది. ద్రావణ రసాయనానికి సాధ్యం కానిది ఇదే.

ఇంతా చేసి కోర్ట్స్‌హాగెన్ పరికరానికి వాక్యూమ్ పంపు కావాలి. పంపు లేకుండా, మామూలు గాలి పీడనంలోనే ప్లాస్మాను చల్లగా నిలపగలమా అన్నది తర్వాతి ప్రశ్న. జవాబు 1889లోనే పాషెన్ అనే జర్మన్ శాస్త్రవేత్త సూత్రంలో ఉంది. వాయువు తెగి కరెంటు పారడానికి కావలసిన వోల్టేజీ పీడనాన్నీ ఎడాన్నీ గుణిస్తే వచ్చే అంకెను బట్టి ఉంటుందని ఆయన చూపించాడు. పీడనం పెంచితే ఎడం తగ్గించండి, లెక్క సరిపోతుంది. గాలిలో మిల్లీమీటరు ఎడానికి కొన్ని వేల వోల్టులు చాలు. చోటు చిన్నదైతే వేడి అంచుల గుండా త్వరగా జారిపోతుంది కాబట్టి ఎలక్ట్రాన్లు పది వేల డిగ్రీలకు పైబడిన స్థితిలో ఉన్నా వాయువు ఆ వేడి దరిదాపులకు కూడా పోదు.

ఈ చిన్న ప్లాస్మా మన ఇళ్లలోకి ఎప్పుడో వచ్చి వెళ్లిపోయింది. 1964లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో బిట్జర్, స్లాటో, విల్సన్ కనిపెట్టిన ప్లాస్మా తెర ముదిరి ప్లాస్మా టీవీ అయింది. ఆ తెరలో ఒక్కో చుక్కా ఒక్కో మైక్రోప్లాస్మానే. 1990ల మధ్యలో కార్ల్ షోన్‌బాక్ బృందం లోహంలో సన్నని రంధ్రం చేసి అందులో నిలకడైన ప్లాస్మా వెలిగించాక, దాన్ని కొలిమిగా వాడుకోవచ్చన్న ఆలోచన బలపడింది.

ఆ కొలిమిలో తొలినాళ్లలో పండినవాటిలో సిలికాన్ ఒకటి. 2005లో కాలిఫోర్నియాలోని కాల్టెక్‌లో ఆర్. మోహన్ శంకరన్, తోటివాళ్లు వెంట్రుక మందం చిల్లు ఉన్న స్టీలు గొట్టం కొసన ఆర్గాన్ ప్లాస్మా వెలిగించి, అందులోకి అతి కొద్దిగా సైలేన్ కలిపారు. వాయువు ఆ మెరుపులో ఉండేది సెకనులో వెయ్యో వంతుకు అటూ ఇటూ. పుట్టిన కణం పెరిగే లోపే బయట పడిపోతుంది కాబట్టి 1 నుంచి 3 నానోమీటర్ల కణాలు వచ్చాయి, నీలంగా వెలిగాయి. 2007లో టోక్యోలో తొమోహిరో నొజాకి బృందం సైలేన్ బదులు సిలికాన్ టెట్రాక్లోరైడ్ వాడి, రంగును మార్చుకునే వీలు చూపింది.

నీలం వెలుగు కథ అంతటితో తెగలేదు. కణం ఎంత చిన్నదైతే వెలుగు అంత నీలం వైపు జరగాలన్నది సిద్ధాంతం. కానీ ఒకే సైజు కణాలు ఒక ప్రయోగశాలలో ఎర్రగా, ఇంకోచోట నీలంగా వెలగడం చాలామందిని గందరగోళ పెట్టింది. 2013లో కెనడాలోని అల్బర్టా విశ్వవిద్యాలయంలో జొనాథన్ వేనో బృందం వేర్వేరు పద్ధతుల్లో చేసిన కణాలను పక్కపక్కన పెట్టి పరీక్షిస్తే, ఆవగింజంత నత్రజని, ఆక్సిజన్ పైపొర మీద చేరినా నీలం వచ్చేస్తుందని తేలింది. అంటే కొన్ని పాత ఫలితాల్లో వెలిగింది సిలికాన్ గుండె కాదు, దాని చర్మం. ఈ రంగంలో వ్యాసాలు చదివేటప్పుడు గుర్తుంచుకోవాల్సిన ముఖ్యమైన హెచ్చరిక ఇదేననిపిస్తుంది. రంగు చూసి సైజు చెప్పేయడం తొందరపాటు.

సిలికాన్‌తో ఇంకో చిక్కు. సైలేన్ గాలి తగిలితే చాలు, నిప్పు పెట్టకుండానే భగ్గుమంటుంది. దానికి ప్రత్యేక గొట్టాలు, లీకు పసిగట్టే అలారాలు, శిక్షణ పొందిన మనుషులు కావాలి. జిల్లా స్థాయి కాలేజీలో దాని జోలికి పోకపోవడమే మేలు. కాబట్టి ఇక్కడికి పనికొచ్చేది రెండో దారి: ప్లాస్మాను ద్రవం మీద వెలిగించడం.

ఈ దారి వయసు నూటముప్పై ఏళ్లకు పైమాటే. 1887లో గుబ్కిన్ అనే శాస్త్రవేత్త వెండి లవణం కలిపిన నీళ్ల మీద విద్యుత్ మెరుపు పారించి లోహపు వెండిని రాబట్టాడు. 1898లో జర్మనీలో గేయార్గ్ బ్రెడిగ్ నీళ్లలోనే రెండు బంగారు తీగల మధ్య ఆర్క్ కొట్టి బంగారు కొలాయిడ్ చేశాడు. 2008లో రిచ్మండ్స్, శంకరన్ వీటికి కొత్త రూపం ఇచ్చారు. స్టీలు సూదిలోంచి ఆర్గాన్ పంపుతూ, సూదికీ నీటి పైపొరకూ మధ్య సన్నని మెరుపు నిలిపారు. సూది క్యాథోడ్, నీళ్లలో ముంచిన లోహపు రేకు యానోడ్. నీళ్లలో బంగారు లవణం ఉంటే నిమిషాల్లో ఎర్రబారుతుంది. అదే బంగారు నానో కణాల రంగు.

బంగారు అంగళ్లకు పేరుమోసిన ప్రొద్దుటూరు వాళ్లకు ఆ లవణం మరీ కొత్తదేమీ కాదు. బంగారాన్ని రాజద్రావకంలో కరిగించి శుద్ధి చేసేటప్పుడు పసుపుపచ్చగా మిగిలే ద్రావణంలో ఉండేది క్లోరోఆరిక్ ఆమ్లమే, నానో ప్రయోగశాలలు సీసాల్లో కొనుక్కునేదీ అదే. బంగారం అర్ధవాహకం కాదు, నిజమే. అయినా విద్యార్థికి ప్లాస్మా పని చేస్తోందా లేదా కంటితో చూపించడానికి ఇంతకంటే మంచి తొలి పాఠం దొరకదు.

మెరుపులోంచి నీళ్లలోకి దూకేది ఏమిటన్నది చాలాకాలం వాదంగానే ఉండింది. 2015లో రంబాక్, బార్టెల్స్, శంకరన్, గో నీటి పైపొరను లేజర్‌తో పరీక్షించి, ప్లాస్మా నుంచి వచ్చిన ఎలక్ట్రాన్లు నీటి అణువుల మధ్య క్షణకాలం స్వేచ్ఛగా ఉంటాయని నేరుగా చూపించారు. అంతకంటే బలమైన క్షయకరణి రసాయనశాస్త్రంలో అరుదు. అంతమాత్రాన వాదం ముగిసిందనుకోకూడదు. ఆర్గాన్ లేకుండా మామూలు గాలిలో వెలిగిస్తే నత్రజని, ఆక్సిజన్ కలిసి నీళ్లలో నైట్రిక్ ఆమ్లం చేరుతుంది, హైడ్రోజన్ పెరాక్సైడ్ పుడుతుంది. పుట్టిన కణాన్ని అవే మళ్లీ కరిగించేయొచ్చు. ఒకే పరికరంతో వేసవిలో ఒక ఫలితం, వానాకాలంలో ఇంకో ఫలితం రావడానికి గాలిలోని తేమ చాలు. పీహెచ్, తేమ, ఎడం, ఆర్గాన్ ప్రవాహం నాలుగూ రాయని వ్యాసాన్ని ఇంకొకరు తిరగ చేయలేరు. అలాంటి వ్యాసాలు ఈ రంగంలో తక్కువేమీ కాదు.

అర్ధవాహకాల్లో ఈ దారికి బాగా లొంగినవి ఆక్సైడ్లు. ఉత్తర ఐర్లాండులోని అల్స్టర్ విశ్వవిద్యాలయంలో దవీదె మారియొట్టి బృందం నీళ్ల బదులు ఇథనాల్ పోసి, అందులో రాగి రేకును యానోడ్‌గా ముంచి, 2017లో కొద్ది నానోమీటర్ల కాపర్ ఆక్సైడ్ కణాలు చేసింది. లవణం అక్కర్లేదు, అంటిపెట్టుకునే సబ్బులాంటి రసాయనం అక్కర్లేదు. రాగి కరుగుతుంది, ఇథనాల్‌లోని ఆక్సిజన్‌తో కలుస్తుంది, కణం తేలుతుంది. అదే బృందం జపాన్‌లో పరిశోధన చేసిన వ్లదిమీర్ ష్వర్చెక్‌తో కలిసి, ముందే చేసిన సిలికాన్ కణాలను ఇథనాల్‌లో ఉంచి పైన ప్లాస్మా వెలిగిస్తే వాటి చర్మం మారి వెలుగు నిలకడ చెందుతుందని కూడా చూపింది. అల్బర్టా హెచ్చరికకు ఇదొక రకం జవాబు.

పరికరం ఖర్చు చూస్తే ఆశ్చర్యమేస్తుంది. ఆర్గాన్ సిలిండరు వెల్డింగ్ వాళ్లకు సరఫరా చేసే డీలరు దగ్గరే దొరుకుతుంది. స్టీలు సూది మందుల షాపులో దొరుకుతుంది. ఒకటి రెండు కిలోవోల్టుల డీసీ సప్లై, కరెంటు ఎగబడకుండా పట్టి ఉంచే లక్ష ఓముల రెసిస్టరు, గాజు బీకరు. కరెంటు 5 మిల్లీ ఆంపియర్లు, మెరుపు తినేది సుమారు 5 వాట్లు. పాత టీవీలోని ఎల్‌ఓటీ (హైవోల్టేజీ ట్రాన్స్‌ఫార్మర్) తీసి సప్లై కట్టేయొచ్చని ఏ మెకానిక్కైనా అంటాడు. కాలేజీలో మాత్రం అలాంటి సాహసం వద్దు. కట్ చేశాక కూడా కెపాసిటరు షాక్ కొడుతుంది. ఇథనాల్ మీద మెరుపు అంటే ఆర్గాన్ దుప్పటి చెదిరిన క్షణం మంటే. మూసిన పాత్ర, పొగ లాగే చిమ్నీ, పక్కన ఇంకో మనిషి తప్పనిసరి.

ఎంత పండుతుందన్నదే అసలు పరీక్ష. లెక్క పాతదే, ఫారడేది. గంటసేపు 5 మిల్లీ ఆంపియర్లు పారితే కరిగే రాగి 6 మిల్లీగ్రాముల లోపే. దాన్నుంచి వచ్చే కాపర్ ఆక్సైడ్ 7 మిల్లీగ్రాములకు కాస్త ఎక్కువ. ఒక గ్రాము రాగి కరగాలంటే వారం రోజులు మెరుపు ఆరకూడదు. ఆ వారానికి మెరుపు తినే కరెంటు ఒక యూనిట్ కూడా కాదు గానీ, మనిషి వారం కాపలా కాయాలి. సూదులు పెంచితే పంట పెరగాలి కదా అంటే, ఒకే సప్లైకి పది సూదులు తగిలిస్తే ముందు వెలిగినదే కరెంటంతా లాగేసుకుంటుంది; ప్రతి సూదికీ విడి రెసిస్టరు కావాలి. ప్లాస్మా టీవీల్లో లక్షల గదులు ఒకేసారి వెలిగాయంటే అసాధ్యం కాదని అర్థం, తేలికని కాదు.

పంట పెంచే పనిలో తెలుగువాళ్ల పేరు చెప్పాలంటే మహేంద్ర సుంకర గుర్తుకు రావాలి. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో కెమికల్ ఇంజినీరింగ్ చదివి, అమెరికాలోని లూయీవిల్ విశ్వవిద్యాలయంలో స్థిరపడిన ఆయన చిన్న మెరుపును పక్కన పెట్టి మైక్రోవేవ్ ప్లాస్మా జెట్‌ను ఎంచుకున్నారు. 2008లో ఆయన బృందం గాలి పీడనంలోనే జింకు, టిన్ను వంటి లోహాల పొడిని ఆ జెట్ గుండా పంపి జింక్ ఆక్సైడ్, టిన్ ఆక్సైడ్, టైటానియం డయాక్సైడ్ నానో తీగలను పెద్ద మోతాదులో తీసింది. కిలోల్లో కావాలంటే దారి అది. కిలోవాట్ల కరెంటు, పెద్ద పెట్టుబడి దానికి తోడు.

హైదరాబాద్‌లో మరో రెండు దారులు నడుస్తున్నాయి. కేంద్రీయ విశ్వవిద్యాలయంలో సోమ వేణుగోపాలరావు బృందం ద్రవంలో ముంచిన లోహం, సిలికాన్ పలకల మీద ఫెమ్టోసెకను లేజర్ కొట్టి కణాలు చేస్తుంది. అక్కడా క్షణకాలం పుట్టేది ప్లాస్మానే, కాకపోతే లేజర్ ధర కోట్లలో పలుకుతుంది. ఐఐటీ హైదరాబాద్‌లో చల్లపల్లి సుబ్రహ్మణ్యం బృందం చల్లని ప్లాస్మాను ఉత్ప్రేరకాలతో జతచేసి కాలుష్య వాయువులను విడగొట్టే పని చేసింది. తిరుపతి ఎస్వీ విశ్వవిద్యాలయ భౌతికశాస్త్ర విభాగంలో ప్లాస్మాతో పలుచటి పొరలు వేసే స్పటరింగ్ పని దశాబ్దాలుగా సాగింది. రాయలసీమకు ఈ విద్య పూర్తిగా అపరిచితం కాదన్నమాట.

కడప విషయానికి వస్తే, యోగి వేమన విశ్వవిద్యాలయంలో ఎం.వి. శంకర్ నడిపే సౌర ఇంధనాల ప్రయోగశాల పని ఈ చర్చకు బాగా దగ్గర. టైటానియం డయాక్సైడ్‌ను నానో గొట్టాలుగా, కడ్డీలుగా చేసి, దానికి రాగి ఆక్సైడ్లు జోడించి, గ్లిజరాల్ కలిపిన నీళ్ల నుంచి సూర్యకాంతితో హైడ్రోజన్ తీయడం మీద ఆ బృందం చాలా వ్యాసాలు ప్రచురించింది. టైటానియం డయాక్సైడ్‌ను వాళ్లు చేసేది మూసిన ఉక్కు పాత్రలో నీటి పీడనం కింద గంటల తరబడి ఉడికించి. గ్రాముల్లో కావలసిన సరుకుకు అదే తగిన పద్ధతి. అందులో రాగి వాటా మాత్రం తిరగవాత లాంటిది; నూటికి ఒకటో రెండో వంతులు చాలు, ఎక్కువైతే చెడుతుంది. ఇక్కడే మైక్రోప్లాస్మా కొద్దిపాటి పంట లోపం కాకుండా పోతుంది. గంటలో వచ్చే 7 మిల్లీగ్రాముల కాపర్ ఆక్సైడ్ నూటికి ఒక వంతు లెక్కన 700 మిల్లీగ్రాముల టైటానియం డయాక్సైడ్‌కు సరిపోతుంది. అలాంటి ప్రయోగాల్లో ఒక విడతకు వాడేది పదుల మిల్లీగ్రాములే కాబట్టి, ఒక గంట మెరుపు చాలా విడతలకు వస్తుంది. పైగా సబ్బు రసాయనాలు అంటని శుభ్రమైన ఉపరితలం ఉత్ప్రేరకానికి మేలు. సిలికాన్ వెలుగు వెంట పడటం కంటే ఈ జిల్లా కాలేజీలకు ఇది దగ్గరి దారి.

మిగతా ఉపయోగాలు ఒక్కో తీరుగా ఉన్నాయి. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు మగ్గాల ఊళ్లు. నూలు అద్దకపు రంగు నీళ్లను జింక్ ఆక్సైడ్, టైటానియం డయాక్సైడ్ ఎండలో విరగ్గొట్టగలవన్నది ప్రయోగశాలల్లో వందలసార్లు రుజువైంది, బీకరు దాటి కాలువ దాకా వచ్చింది మాత్రం బహు తక్కువ. జమ్మలమడుగు పక్కన మైలవరం మండలంలో వెయ్యి మెగావాట్ల లక్ష్యంతో తలపెట్టిన సోలార్ పార్కు ఉంది. 2017లో మిన్నెసోటా, మిలాన్ పరిశోధకులు ప్లాస్మాతో చేసిన సిలికాన్ కణాలను పారదర్శక ఫలకంలో కలిపి, అది కాంతిని అంచులకు మళ్లిస్తే అక్కడి సన్నటి సోలార్ పట్టీలు కరెంటు చేసేలా చూపించారు. అది నగరాల్లో కిటికీలకు నప్పేది. బీడు భూమి, మండే ఎండ ఉన్న మైలవరానికి దానితో పని లేదు.

పులివెందుల దగ్గర తుమ్మలపల్లె సంగతి మరింత జాగ్రత్తగా చెప్పాలి. వేముల మండలంలోని ఆ యురేనియం గని, శుద్ధి కర్మాగారం చుట్టూ భూగర్భజలం చెడుతోందన్న గ్రామస్థుల ఫిర్యాదులు ఏళ్లుగా వార్తల్లో ఉన్నాయి. కరిగిన యురేనియాన్ని కాంతితో, టైటానియం డయాక్సైడ్ సాయంతో కరగని రూపానికి దించి నీళ్ల నుంచి వేరుచేయొచ్చని ప్రయోగాలు చెబుతున్నాయి. కాకపోతే తుమ్మలపల్లెలో ఖనిజాన్ని కరిగించేది ఆమ్లంతో కాదు, సోడియం కార్బొనేట్ క్షారంతో. కార్బొనేట్ ఉన్న నీళ్లలో యురేనియం దాన్ని గట్టిగా పట్టుకుంటుంది, కాంతి చర్య నెమ్మదిస్తుంది. మంచి నీళ్లలో వచ్చిన ఫలితాన్ని తెచ్చి ఈ ఊళ్లకు హామీగా చూపడం తగదు.

ఇక కొలత. 5 నానోమీటర్ల కణం చేశామని చెప్పాలంటే ట్రాన్స్‌మిషన్ ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద చూపాలి, దాని ధర కోట్లలో. సూదీ బీకరూ సొంతంగా ఉన్న కాలేజీ నమూనాలను ఐఐటీ మద్రాసు పరికరాల కేంద్రం వంటి చోటికి పంపి వంతు కోసం ఎదురు చూడాల్సి వస్తుంది. ఈలోపు ఇథనాల్‌లో ఉన్న కణాలు ముద్ద కట్టొచ్చు, చర్మం మారొచ్చు. మైక్రోస్కోపు కింద కనిపించేది మెరుపు ఆరిన రోజున పుట్టిన కణం కాకపోవచ్చు. అందుకని ప్రతి విడతకూ ఆ రోజే కాంతి శోషణ రేఖ గీసి పెట్టుకోవడం, అందులో మార్పు ఎంతో వారం వారం రాసుకోవడం చవకైన పని. మామూలు యూవీ స్పెక్ట్రోఫొటోమీటరు చాలు.

ప్లాస్మా రాగి కణం నిజంగా మెరుగో కాదో తేల్చడానికి పెద్ద ఏర్పాట్లు అక్కర్లేదు. ఒకే టైటానియం డయాక్సైడ్ పొడిని రెండు వాటాలు చేసి, ఒకదానికి రాగి లవణంతో, రెండోదానికి ప్లాస్మా కణాలతో నూటికి ఒక వంతు రాగి పట్టించాలి. అదే దీపం, అదే గ్లిజరాల్ నీళ్లు, గంటగంటకూ పుట్టే హైడ్రోజన్‌ను గ్యాస్ క్రొమటోగ్రాఫ్ మీద కొలవాలి. తొలి గంట అంకెలు ఎవరికైనా బాగుంటాయి. రాగి ఆక్సైడ్లకు కాంతిలో రూపు మారి కొంత నీళ్లలోకి కరిగిపోయే అలవాటుంది కాబట్టి, ఇరవయ్యో గంట తర్వాత పొడిని వడకట్టి ఆ నీళ్లలో రాగి ఎంత మిగిలిందో చూడాలి.